హెస్టర్ చేతికి బంతి ఇవ్వాలా?

అమెరికా వాళ్లు ఫుట్‌బాల్ అని పిలుచుకునే ఆట మనకు తెలిసిన ఫుట్‌బాల్ కాదు. కోలగా ఉండే బంతి, వంద గజాల మైదానం, వైపుకు పదకొండు మంది. బంతి చేతిలో ఉన్న జట్టుకు నాలుగు అవకాశాలిస్తారు. ఆ నాలుగింటిలో పది గజాలు ముందుకు వెళ్తే మళ్లీ నాలుగు అవకాశాలు దొరుకుతాయి, వెళ్లలేకపోతే బంతి అవతలి జట్టుకు పోతుంది. అందుకని మూడు ప్రయత్నాలు వృథా అయిన జట్టు నాలుగోసారి సాధారణంగా సాహసం చేయదు. బంతిని కాలితో పైకి, దూరంగా కొట్టి ఎదుటివాళ్లకు అప్పగించేస్తుంది. దాన్ని పంట్ అంటారు. ఆట మొదలైనప్పుడూ, ఒక జట్టు స్కోరు చేసిన తర్వాతా కొట్టేది కిక్కాఫ్. ఈ రెండు రకాల బంతుల్నీ అవతలి వైపు ఒకడు అందుకుని, మీదికి దూకుతున్న పదకొండు మందినీ తప్పించుకుంటూ ఎదురు పరుగెడతాడు. అతన్నే రిటర్నర్ అంటారు.

చాలామంది రిటర్నర్లను పది ఇరవై గజాలు దాటకుండానే కూల్చేస్తారు. కానీ ఎప్పుడో ఒక తరానికి ఒకడు వస్తాడు. అతని చేతికి బంతి చేరిందంటే మైదానం చివరిదాకా ఎవరికీ దొరకడేమోనన్న భయం స్టేడియం అంతా పాకుతుంది. అలాంటివాడు ఎదురుగా నిలబడితే బంతిని అతనికే కొట్టాలా, దూరంగా కొట్టాలా? అమెరికన్ ఫుట్‌బాల్‌లో కోచ్‌లు దశాబ్దాలుగా తేల్చుకోలేని ప్రశ్న ఇది. దీని గురించి మాట్లాడుకోవడానికి డెవిన్ హెస్టర్‌ను మించిన ఉదాహరణ లేదు.

ఫ్లోరిడా రాష్ట్రంలోని రివియెరా బీచ్ హెస్టర్ ఊరు. చదివింది, ఆడింది మయామి విశ్వవిద్యాలయంలో. 2006లో కొత్త ఆటగాళ్ల ఎంపికలో చికాగో బేర్స్ జట్టు అతన్ని రెండో రౌండులో తీసుకుంది. ఆ మొదటి ఏడాదే ఆరుసార్లు ఎదురు పరుగుతో అవతలి గోలు గీత దాటి టచ్‌డౌన్ చేశాడు, అంతకుముందు ఒకే సీజన్‌లో ఎవరూ అన్ని చేయలేదు. వాటిలో ఒకటి న్యూయార్క్ జెయింట్స్ మీద చేసింది. గోలు మీదికి కొట్టిన బంతి గోలుదాకా పోకముందే పడబోతుంటే పట్టుకున్నాడు. ఆట అయిపోయినట్టు రెండడుగులు నింపాదిగా నడిచి, ఒక్కసారిగా పరుగందుకుని 108 గజాలు దాటేశాడు. అదే ఏడాది అక్టోబరులో అరిజోనా మీద ఆడిన మ్యాచ్ మరీ విచిత్రం. బేర్స్ ఇరవై పాయింట్లు వెనకబడి కూడా 24-23తో గెలిచింది. బంతిని ముందుకు నడిపించే దళం ఆ రాత్రి ఒక్క టచ్‌డౌన్ కూడా చేయలేదు. రక్షణ దళం జారిపడ్డ బంతుల్ని ఎత్తుకుపోయి రెండు చేసింది, హెస్టర్ 83 గజాల పంట్ రిటర్న్‌తో మూడోది చేశాడు. ఒక్క మనిషి ఎదురు పరుగు ఒక జట్టు బలహీనతను ఎంతవరకు కప్పేయగలదో ఆ రాత్రి తెలిసింది.

ఆ సీజన్ చివర, 2007 ఫిబ్రవరి 4న, మయామిలో లీగ్ ఫైనల్, సూపర్ బౌల్. మనకు అప్పుడు సోమవారం తెల్లవారుజాము. మైదానమంతా వాన. ఒకవైపు చికాగో, మరోవైపు పేటన్ మానింగ్ నడిపించే ఇండియానాపోలిస్ కోల్ట్స్. రెండు జట్ల కోచ్‌లూ నల్లజాతివారే. చికాగోకు లవీ స్మిత్, కోల్ట్స్‌కు టోనీ డంజీ. సూపర్ బౌల్‌కు నల్లజాతి కోచ్ రావడమే అది మొదటిసారి, వచ్చింది ఇద్దరు. తొలి కిక్కాఫ్ కోల్ట్స్‌ది. బంతిని హెస్టర్‌కే కొడదామని, అతన్ని చూసి జంకినట్టు కనిపించకూడదని డంజీ నిర్ణయించారు. ఆడమ్ వినాటియెరి కొట్టాడు. హెస్టర్ పట్టుకున్నాడు, ఒక పక్కకు వంగి, మధ్యలో దొరికిన సందులోంచి 92 గజాలు పరుగెత్తాడు. గడియారంలో గడిచింది 14 సెకన్లు. సూపర్ బౌల్ చరిత్రలో తొలి కిక్కాఫ్ టచ్‌డౌన్‌గా మారింది ఆ ఒక్కసారే.

వినాటియెరికి అదే అనుభవం అంతకు పదేళ్ల ముందు కూడా ఎదురైంది. 1997 జనవరిలో న్యూ ఆర్లీన్స్‌లో జరిగిన సూపర్ బౌల్‌లో అతను న్యూ ఇంగ్లండ్ పేట్రియట్స్ తరఫున కొత్తగా ఆడుతున్నాడు. పేట్రియట్స్ అప్పుడే టచ్‌డౌన్ చేసి 27-21కి దగ్గరపడ్డారు. వెంటనే అతను కొట్టిన కిక్కాఫ్‌ను గ్రీన్ బే ప్యాకర్స్ ఆటగాడు డెస్మండ్ హోవర్డ్ 99 గజాలు వెనక్కి తెచ్చి ఆట ముగించినంత పని చేశాడు. ఆ ఫైనల్‌లో ఉత్తమ ఆటగాడి బహుమతి హోవర్డ్‌కే ఇచ్చారు. రిటర్నర్‌గా ఆడి ఆ బహుమతి అందుకున్న మొదటివాడు అతనే. ఆ ఇద్దరికీ బంతి పంపిన వినాటియెరి ఆ ఆటలోని గొప్ప కిక్కర్లలో ఒకడు. కాబట్టి కొట్టినవాడు చేతకానివాడైతేనే ఇలా జరుగుతుందనుకోవడం పొరపాటు.

మయామిలో ఆ తొలి దెబ్బ తర్వాత కోల్ట్స్ పద్ధతి మార్చారు. బంతిని ఎత్తుగా, లోతుగా కొట్టడం మానేసి నేల మీద ఎగిరెగిరి పడేలా పొట్టిగా కొట్టారు. దాన్ని స్క్విబ్ కిక్ అంటారు. అలా కొట్టిన బంతి వెనక నిలబడ్డ రిటర్నర్‌దాకా పోదు, ముందు వరుసలో ఉండే బరువైన ఆటగాళ్ల చేతుల్లో పడుతుంది. ఆ రాత్రి హెస్టర్‌కు మళ్లీ సరైన కిక్కాఫ్ దక్కలేదు. కోల్ట్స్ 29-17తో గెలిచారు.

మన శ్రోతల్లో క్రికెట్ తెలియనివారు తక్కువ. ఒక వైపు కుదురుకున్న బ్యాట్స్‌మన్, మరోవైపు పదకొండో ఆటగాడు ఉంటే కెప్టెన్ ఫీల్డర్లను బౌండరీకి పంపి ఒక్క పరుగు ఉచితంగా ఇచ్చేస్తాడు. కుదురుకున్నవాడు అవతలికి పోతే చాలనుకుంటాడు. స్క్విబ్ కిక్ కూడా అలాంటి ఏర్పాటే. కాకపోతే ఇక్కడ ఉచితంగా ఇచ్చేది ఒక్క పరుగు కాదు, పది గజాల నేల. ఆ పది గజాలకు వెల ఎంతో తెలియకుండా ఈ ప్రశ్నకు జవాబు చెప్పలేం.

ఆ వెల కట్టే ప్రయత్నం మొదట చేసినవారిలో ఒక ఆటగాడే ఉన్నాడు. వర్జిల్ కార్టర్ దాడిని నడిపించే క్వార్టర్‌బ్యాక్‌గా ముందు చికాగోకు, తర్వాత సిన్సినాటికి ఆడాడు. రాబర్ట్ మకోల్ అనే ఆచార్యుడితో కలిసి 1971లో ఒక పరిశోధన వ్యాసం ప్రచురించాడు. మైదానంలో ఏ గీత దగ్గర బంతి దొరికితే ఆ జట్టు సగటున ఎన్ని పాయింట్లు చేస్తుందో లెక్కగట్టిన వ్యాసం అది. 1988లో ‘ది హిడెన్ గేమ్ ఆఫ్ ఫుట్‌బాల్’ పుస్తకం ఆ ఆలోచనను మామూలు పాఠకుల దగ్గరికి తెచ్చింది. అందులోని మోటు లెక్క గుర్తుంచుకోవడం తేలిక. ప్రతి పాతిక గజాలకు సుమారు రెండు పాయింట్లు. అంటే పది గజాలు వదులుకుంటే ముప్పావు పాయింటు పైచిలుకు ప్రత్యర్థి ఖాతాలో వేసినట్టే.

ఇప్పుడు హెస్టర్ మొదటి రెండు సీజన్లు చూద్దాం. 2006, 2007 కలిపి అతను అరవైకి పైగా కిక్కాఫ్‌లు వెనక్కి తెచ్చాడు. వాటిలో టచ్‌డౌన్లు నాలుగు. దాదాపు పదహారింటికి ఒకటి. టచ్‌డౌన్‌కూ దాని వెంట వచ్చే అదనపు పాయింటుకూ కలిపి ఏడనుకుంటే, అతనికి కొట్టిన ఒక్కో కిక్కాఫ్‌కు ఆ భయం ఖరీదు అర పాయింటు కూడా లేదు. స్క్విబ్ కొట్టి పది గజాలు ఇచ్చేస్తే పోయేది అంతకన్నా ఎక్కువ. పైగా 2007లో అతని కిక్కాఫ్ సగటు 22 గజాలు కూడా దాటలేదు. పొట్టి కిక్కులు, నేల మీద దొర్లిన కిక్కులు అందులో కలిసి ఉండటం దానికి ఒక కారణం. అయినా టచ్‌డౌన్ కాని పరుగులు చాలావరకు మామూలు పరుగులేనన్నది నిజం. సగటు లెక్క ఒక్కటే చూసే కోచ్ అయితే కిక్కాఫ్‌ను ధైర్యంగా అతనికే కొట్టొచ్చు.

పంట్ సంగతి వేరు. అదే రెండేళ్లలో అతను తొంభైకి దగ్గరగా పంట్లు వెనక్కి తెచ్చి ఏడు టచ్‌డౌన్లు చేశాడు. సగటు పరుగు 14 గజాలు. నలభై అయిదు గజాలు కొట్టి పద్నాలుగు వెనక్కి ఇచ్చేస్తే మిగిలేది ముప్పై ఒకటి. ముప్పై అయిదు గజాల దగ్గరే బంతిని పక్క గీత దాటించేస్తే ఆ ముప్పై అయిదూ మిగులుతాయి, టచ్‌డౌన్ భయమూ ఉండదు. అందుకే పంట్‌ను హెస్టర్‌కు దూరంగా కొట్టినవాళ్లు పిరికివాళ్లు కాదు, లెక్క తెలిసినవాళ్లు అంటాను. కానీ ముప్పై అయిదు గజాలకు సరిగ్గా గీత దాటించడం చెప్పినంత సులువు కాదు. మీదికి దూసుకొస్తున్న మనుషుల్ని చూస్తూ, రెండు సెకన్లలో, గాలి వాటం గమనించి కొట్టాలి. బంతి కాలికి సరిగ్గా తగలకపోతే పాతిక గజాలకే బయటికి పోతుంది. అంతకన్నా ఘోరం, గీత చేరకుండా తక్కువ ఎత్తులో సూటిగా మైదానం మధ్యకు పోవడం. ఎత్తు లేని బంతి త్వరగా దిగుతుంది. అడ్డుకోవలసినవాళ్లు ఇంకా ఇరవై గజాల దూరంలో ఉండగానే రిటర్నర్ చేతిలో ఉంటుంది. అతనికి అంతకన్నా వరం ఇంకోటి లేదు.

ఆ ఘోరం పూర్తిగా జరిగిన రోజు 2010 డిసెంబరు 19. న్యూజెర్సీలో, న్యూ మెడోలాండ్స్ స్టేడియంలో, జెయింట్స్‌కూ ఫిలడెల్ఫియా ఈగిల్స్‌కూ మ్యాచ్. ఆఖరి ఎనిమిది నిమిషాల్లోకి వచ్చేసరికి జెయింట్స్ 31-10తో ముందున్నారు. ఈగిల్స్ మూడు టచ్‌డౌన్లు చేసి 31-31 చేశారు. పద్నాలుగు సెకన్లు మిగిలాయి. జెయింట్స్ పంట్ కొట్టాలి. ఎదురుగా డిషాన్ జాక్సన్. బంతిని గీత బయటికే కొట్టమని కోచ్ టామ్ కాఫ్లిన్ స్పష్టంగా చెప్పారు. పంటర్ మాట్ డాడ్జ్ ఆ ఏడాదే జట్టులోకి వచ్చిన కుర్రాడు. బంతిని వెనక్కి అందించినవాడు కాస్త ఎత్తుగా అందించాడు. డాడ్జ్ దాన్ని పట్టుకుని సర్దుకుని హడావిడిగా కొడితే అది తక్కువ ఎత్తులో నేరుగా జాక్సన్ దగ్గరికే పోయింది. జాక్సన్ దాన్ని ముందు జారవిడిచాడు కూడా. ఏరుకుని, రెండడుగులు వెనక్కి వేసి, తర్వాత 65 గజాలు. గోలు గీత దగ్గరికొచ్చాక వెంటనే దాటకుండా గడియారం అయిపోయేదాకా గీత వెంబడి పక్కకు పరుగెత్తి మరీ దాటాడు. 38-31. నిర్ణీత సమయం ఆఖరి క్షణంలో పంట్ రిటర్న్‌తో మ్యాచ్ గెలవడం ఆ లీగ్‌లో అదే మొదటిసారి. కాఫ్లిన్ మైదానంలోకి దూసుకెళ్లి ఆ కుర్రాడి మీద అరిచిన దృశ్యం ఇప్పటికీ టీవీలో చూపిస్తుంటారు.

ఆ కుర్రాడి వైపు నిలబడాలని నాకనిపిస్తుంది. పంట్ కొట్టడానికి ముందు ఇంకా ఎన్నో జరిగాయి. ఇరవై ఒక్క పాయింట్ల ఆధిక్యాన్ని నిలబెట్టుకోలేకపోయింది డాడ్జ్ కాదు. బంతిని ఎత్తుగా అందించింది అతను కాదు. ఆ సీజన్‌లో జెయింట్స్ 10 విజయాలు, 6 ఓటములతో ఆగిపోయి ప్లేఆఫ్స్‌కు చేరలేదు. అంతే రికార్డు ఉన్న ప్యాకర్స్ చేరారు, ఏకంగా సూపర్ బౌల్ గెలుచుకున్నారు. ఇంత పెద్ద నష్టాన్ని ఒక్క కాలి మీద మోపడం న్యాయం కాదు. అయితే జెయింట్స్ దాన్నుంచి సరైన పాఠం నేర్చుకున్నారు. మరుసటి ఏడాదికి స్టీవ్ వెదర్‌ఫర్డ్ అనే అనుభవమున్న పంటర్‌ను తెచ్చుకున్నారు. 2012 ఫిబ్రవరిలో ఇండియానాపోలిస్‌లో జరిగిన సూపర్ బౌల్‌లో అతని తొలి పంట్ పేట్రియట్స్‌ను వాళ్ల సొంత ఆరు గజాల గీత దగ్గర నిలబెట్టింది. ఆ తర్వాతి మొదటి బంతికే వాళ్ల క్వార్టర్‌బ్యాక్ టామ్ బ్రేడీ తప్పు చేసి రెండు పాయింట్లు సమర్పించుకున్నాడు. జెయింట్స్ 21-17తో గెలిచారు. బంతిని ఎక్కడ పడేయాలో తెలిసిన కాలికి అంత విలువ ఉంది.

కాలి విద్య అంటే గీత దాటించడం ఒక్కటే కాదు. ఓక్లాండ్ రెయిడర్స్ పంటర్ రే గై బంతిని ఎంత ఎత్తుకు పంపేవాడంటే, బంతి గాలిలో ఎంతసేపు నిలుస్తుందో కొలిచే హ్యాంగ్ టైమ్ అన్న మాటను అభిమానులు అతని పేరుతో కలిపి పలికేవారు. బంతి నాలుగున్నర సెకన్లు గాలిలో ఉంటే పరుగెత్తేవాళ్లు ముందే చేరుకుంటారు. రిటర్నర్ చెయ్యెత్తి, పరుగు పెట్టనని ఒప్పుకుని పట్టుకోవలసి వస్తుంది. దాన్ని ఫెయిర్ క్యాచ్ అంటారు. 1995లో శాన్ డియేగో ఛార్జర్స్‌కు వచ్చిన డారెన్ బెనెట్ ఆస్ట్రేలియా ఫుట్‌బాల్ నుంచి ఇంకో పద్ధతి తెచ్చాడు. బంతిని దాని ఒక కొన మీద కొట్టి వెనక్కి తిరిగేలా చేస్తే అది కింద పడ్డాక ముందుకు దొర్లదు. హెస్టర్ లాంటివాడికి నా దృష్టిలో సరైన మందు ఎత్తైన బంతే. దూరం ఓ అయిదారు గజాలు తగ్గినా సరే, ఎత్తు పెంచాలి. ఇవ్వాలా వద్దా అన్న రెండే దారులు చూసేవాళ్లు ఈ మూడోదాన్ని మర్చిపోతారు.

ఇక సగటు లెక్క చెప్పని విషయం ఒకటుంది. స్కోరు సమంగా ఉండి పద్నాలుగు సెకన్లే మిగిలితే పది గజాల నేలకు విలువ బాగా తగ్గిపోతుంది, ఎదుటివాళ్లకు దాన్ని వాడుకునే సమయం అంతగా ఉండదు. అలాగే బలమైన జట్టు నెమ్మదిగా ఆడితే ఎలాగూ గెలుస్తుంది, బలహీనమైన జట్టుకే మెరుపు కావాలి. హెస్టర్ మెరుపు. 2007 సూపర్ బౌల్‌కు ముందు అందరి అంచనా కోల్ట్స్‌ వైపే ఉంది. అలాంటి జట్టు ఎదుటివాడికి మెరిసే అవకాశం ఇవ్వకూడదు. కాబట్టి తొలి కిక్ విషయంలో డంజీ నిర్ణయం తప్పని నా అభిప్రాయం. ఆ నిర్ణయంలో లెక్క కన్నా పౌరుషం ఎక్కువ ఉంది. అయితే ఆ పౌరుషాన్ని ఆయన ఒక్క కిక్‌తోనే పక్కన పెట్టగలిగారు. చాలామంది కోచ్‌లు అది చేయలేరు.

చేయలేకపోతే ఏమవుతుందో 2007 నవంబరు 25న డెన్వర్ బ్రాంకోస్ చూశారు. చికాగోలోని సోల్జర్ ఫీల్డ్‌లో పంట్‌ను హెస్టర్‌కే కొట్టారు, 75 గజాల టచ్‌డౌన్. కాసేపటికి కిక్కాఫ్ కూడా అతనికే కొట్టారు, 88 గజాల టచ్‌డౌన్. ఆఖరి పావులో పద్నాలుగు పాయింట్లు ముందుండి కూడా అదనపు సమయంలో 37-34తో ఓడారు. పంట్ దగ్గర దెబ్బ తిన్న జట్టు కిక్కాఫ్ దగ్గరా అదే దారి పట్టడాన్ని ధైర్యం అనలేం.

ఈ పరుగుల వెనక మనుషుల శరీరాలు కూడా ఉన్నాయి. 2007 సెప్టెంబరులో బఫెలో బిల్స్ ఆటగాడు కెవిన్ ఎవరెట్ కిక్కాఫ్ రిటర్నర్‌ను ఆపబోయి వెన్నెముకకు తీవ్రమైన గాయం చేసుకున్నాడు. ఇక నడవలేడనుకున్నారు, తర్వాత నడిచాడు, కానీ ఆటకు దూరమయ్యాడు. రెండు వైపుల నుంచీ పూర్తి వేగంతో పరుగెత్తి ఢీకొనే ఆ ఘట్టాన్ని తగ్గించాలని లీగ్ 2011లో కిక్కాఫ్ గీతను 30 నుంచి 35 గజాలకు జరిపింది. బంతి గోలు ప్రాంతం దాకా వెళ్లిపోవడం మొదలైంది, ఎదురు పరుగులు తగ్గిపోయాయి. అతనికి కొట్టాలా వద్దా అన్న ప్రశ్ననే ఆ నియమం చాలా ఏళ్లు మూలన పెట్టింది. 2024లో కొత్త పద్ధతి వచ్చింది. పరుగెత్తేవాళ్లనూ అడ్డుకునేవాళ్లనూ దగ్గర దగ్గరగా నిలబెట్టి, బంతి అందేదాకా లేదా నేలను తాకేదాకా కదలొద్దన్నారు. ఢీకొనే వేగం తగ్గింది, ఎదురు పరుగులు మళ్లీ పెరిగాయి. దాంతో పాత ప్రశ్న కోచ్‌ల బల్ల మీదికి తిరిగొచ్చింది.

డాలస్, చికాగో, న్యూజెర్సీ ప్రాంతాల్లో స్థిరపడ్డ మన తెలుగు కుటుంబాల పిల్లలు ఇప్పుడు ఈ ఆటను తమ ఆటగానే చూస్తున్నారు. పెద్దవాళ్లకు మాత్రం బంతిని పక్కకు కొట్టేయడం తప్పించుకోవడంలా కనిపిస్తుంది. వాళ్లు ఆ కిక్ తర్వాత బంతి ఏ గీత దగ్గర ఆగిందో చూడాలని కోరుతున్నాను. రిటర్నర్ బంతిని ముట్టుకోకుండానే తన జట్టుకు పది గజాలు సంపాదించిపెట్టాడని అక్కడ తెలుస్తుంది. అతని పేరు మీద ఏ రికార్డులోనూ ఎక్కని గజాలవి.

హెస్టర్ విషయంలో అవి ఎక్కకపోవడం వల్ల అన్యాయం జరిగింది. 2014లో అట్లాంటా తరఫున ఆడుతూ, డియాన్ శాండర్స్ పేరిట ఉన్న 19 రిటర్న్ టచ్‌డౌన్ల రికార్డును దాటి ఇరవై చేశాడు. 2016తో ఆట ముగిసింది. ఆటలోని గొప్పవాళ్లకు చోటిచ్చే హాల్ ఆఫ్ ఫేమ్‌కు 2022లోనే అర్హుడయ్యాడు. ఓటర్లు రెండుసార్లు పక్కన పెట్టారు. మైదానంలో అతను ఉండే క్షణాలు తక్కువన్నది వాళ్లలో చాలామంది సందేహం. 2024లో మూడో ప్రయత్నంలో ఎంపికై, ఒహాయో రాష్ట్రంలోని కాంటన్‌లో ఆ గౌరవం అందుకున్నాడు. ప్రధానంగా రిటర్నర్‌గా ఆడి అక్కడ చోటు పొందిన మొదటివాడు అతనే. ఎదుటి కోచ్‌లు అతన్ని తప్పించడానికి వారం వారం వదులుకున్న నేలను కూడా ఓటర్లు లెక్కలో వేసుకుని ఉంటే రెండేళ్లు ఆగవలసిన అవసరం ఉండేది కాదు. డెవిన్ హెస్టర్‌ను 2022లోనే, మొదటి ఓటులోనే తీసుకోవాల్సింది.